మూడోసారి రాసిన పరీక్ష



మీలో చాలామంది కడుపుతో ఉన్నప్పుడు ఎర్ర గోలీలు మింగి ఉంటారు. ఆశా అక్క ఇంటికి వచ్చి ఇచ్చి ఉంటుంది. లేదా అంగన్‌వాడీలో ఇచ్చి ఉంటారు. కొందరు మింగారు. కొందరు గూట్లో పెట్టి మరిచిపోయారు.

బోదకాలు రాకుండా ఊరంతటికీ గోలీలు పంచిన సంగతి కూడా మీకు తెలుసు.

ఈ రెండు గోలీల వెనుక ఒక తెలుగు మనిషి చేసిన పని ఉంది. ఆయన పేరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. పెద్ద శాస్త్రవేత్త. అమెరికాలోని పేరు పొందిన హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. కానీ మెట్రిక్ పరీక్షలో రెండుసార్లు తప్పాడు. మెట్రిక్ అంటే ఇప్పటి పదో తరగతి వంటిది.

ఈ పాఠం ఆయన గురించి. ఆయన తల్లి గురించి. ఇంకా మన గురించి కూడా.

ఒక రాత్రి మా కేంద్రంలో

మా కేంద్రానికి బీడీలు చేసే ఒక అక్క వస్తుంది. నిజామాబాద్‌లో ఉంటుంది. పుట్టిల్లు బోధన్ పక్క పల్లె. పగలంతా చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతుంది. రాత్రి పలక పట్టుకొని వస్తుంది. ఒకరోజు వచ్చింది కానీ పలక తీయలేదు. ఏమైందని అడిగాను.

"మా పిల్ల పదిల ఫేలయింది టీచరమ్మా. ఇగ సదువు సాలు. రేపటి సంది బీడీలకు కూసోబెడ్త. మంచి సంబంధం వస్తె పెండ్లి చేస్త" అన్నది.

పక్కన కూర్చున్న వాళ్లు తలలు ఊపారు. "ఫేలయినంక ఏం సదువు?" అన్నది ఒక పెద్దమ్మ.

నేను పుస్తకం మూసి పెట్టాను. సుబ్బారావు కథ చెప్పాను. ఆ రాత్రి చెప్పిన కథే ఇక్కడ రాస్తున్నాను.

అరటిపండ్లు అమ్ముదామని పారిపోయిన పిల్లవాడు

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టాడు. ఊరు భీమవరం. అది పశ్చిమ గోదావరి జిల్లాలో ఉంది. తండ్రి జగన్నాథం చిన్న సర్కారు ఉద్యోగి. జబ్బు పడి ఆ ఉద్యోగం మధ్యలోనే మానుకున్నాడు. తల్లి పేరు వెంకమ్మ. వారికి ఏడుగురు పిల్లలు. ఇంట్లో తినే నోళ్లు ఎక్కువ. వచ్చే పైసలు తక్కువ.

సుబ్బారావుకు చదువు మీద మనసు లేదు. డబ్బు సంపాదించాలని ఆశ. పదమూడేళ్ల వయసులో ఇల్లు విడిచి పారిపోయాడు. కాశీకి పోవాలి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మాలి, డబ్బు చేసుకోవాలి. ఇదీ అతని ఆలోచన. కానీ దూరం పోలేదు. నిడదవోలు దగ్గరే దొరికాడు. ఇంటికి తీసుకొచ్చారు.

తల్లి వెంకమ్మ ఊరుకోలేదు. మళ్లీ బడికి పంపింది. రాజమండ్రిలో చదివాడు. మెట్రిక్ పరీక్ష రాశాడు, తప్పాడు. మళ్లీ రాశాడు, మళ్లీ తప్పాడు.

ఇంట్లో కూడా ఒకటి వెనుక ఒకటి కష్టాలు. దగ్గరివాళ్లు జబ్బులతో చనిపోయారు. ఇంట్లో చావు ఉంటే పిల్లవాడి మనసు పుస్తకం మీద ఎట్లా నిలుస్తుంది? పరీక్ష తప్పిన పిల్లను చూసి మనం "దీనికి బుర్ర లేదు" అంటాం. ఆ ఏడాది ఆ పిల్ల ఇంట్లో ఏం జరిగిందో అడగం.

వెంకమ్మ తన ఒంటి మీది బంగారం అమ్మింది. కొడుకును మద్రాసుకు పంపింది. అక్కడ హిందూ హైస్కూలులో చేరాడు. మూడోసారి పరీక్ష రాశాడు. ఈసారి పాసయ్యాడు.

ఇక్కడ కథ ఆపి అడిగాను: "వెంకమ్మ రెండోసారికే చాలు అనుకుంటే ఏమయ్యేది?"

ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఒక చెల్లె మెల్లగా అన్నది: "అరటిపండ్లు అమ్ముకునేటోడు."

అరటిపండ్లు అమ్మడం తప్పు పని కాదు. బీడీలు చేయడం, చెరుకు కొట్టడం కూడా తప్పు పని కాదు. కానీ వేరే తొవ్వ ఉందని తెలిశాక మన ఇష్టంతో పని ఎంచుకోవడం వేరు. తొవ్వ మూసేసినాక చేయడం వేరు.

ఖద్దరు వేసుకున్నందుకు

సుబ్బారావు మద్రాసులో కాలేజీ చదువు చదివాడు. సన్యాసం తీసుకోవాలనే కోరిక కూడా అప్పుడే పుట్టింది. రామకృష్ణ మఠంలో చేరాలనుకున్నాడు. తల్లి ఒప్పుకోలేదు. చివరకు డాక్టరు చదువులో చేరాడు. నలుగురికి సేవ చేయడానికి అది కూడా ఒక దారే.

చదువుకు పైసలు లేవు. స్నేహితులు కొంత సాయం చేశారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి అనే పెద్దమనిషి సాయం చేశాడు. ఆయన కూతురు శేషగిరిని సుబ్బారావు 1919లో పెండ్లి చేసుకున్నాడు.

అవి గాంధీగారు విదేశీ బట్టలు వద్దన్న రోజులు. సుబ్బారావు ఆపరేషన్ గదిలో కూడా ఖద్దరు వేసుకున్నాడు. సర్జరీ చెప్పే తెల్లదొరకు అది నచ్చలేదు. పరీక్షలు బాగానే రాశాడు. కానీ పెద్ద డిగ్రీ ఇవ్వలేదు. ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ పట్టా ఇచ్చారు. సర్కారు దవాఖానలో ఉద్యోగం దొరకలేదు. మద్రాసులో ఒక ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పాడు.

ఆ కాలంలోనే సంగ్రహణి జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు పోయారు. సంగ్రహణి అంటే ఆగని విరేచనాలు. తిన్నది ఒంటికి పట్టదు. రక్తం తగ్గిపోతుంది. మనిషి ఎండిపోతాడు. దానికి అప్పట్లో సరైన మందు లేదు. సుబ్బారావుకు కూడా ఆ జబ్బు వచ్చింది. ఆయుర్వేద వైద్యంతో ఆయన బతికాడు.

ఈ జబ్బు సంగతి గుర్తు పెట్టుకోండి. మళ్లీ వస్తుంది.

రాత్రి గిన్నెలు కడిగి, పగలు చదివి

పై చదువుకు అమెరికా పోవాలనుకున్నాడు. మామ కొంత డబ్బు ఇచ్చాడు. కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత సాయం చేసింది. 1923 అక్టోబరులో ఓడ దిగి బోస్టన్ అనే పట్టణం చేరాడు. అప్పుడు ఆయన వయసు 28.

చేతిలో పైసలు తక్కువ. అందుకని ఒక దవాఖానలో రాత్రి పనికి చేరాడు. ఏం పని? రోగుల మలమూత్రాల గిన్నెలు ఎత్తడం, కడగడం. ఇండియాలో డాక్టరు పట్టా ఉన్న మనిషి అక్కడ గిన్నెలు కడిగాడు. సిగ్గుపడలేదు. రాత్రి ఆ పని, పగలు హార్వర్డ్‌లో చదువు.

ఆ చదువు వట్టిగా పోలేదు. 1925లో ఫిస్క్ అనే ప్రొఫెసరుతో కలిసి ఒక కొత్త పద్ధతి కనిపెట్టాడు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి అది. దాన్ని ప్రపంచమంతా వాడింది. డాక్టరు చదువు చదివే పిల్లల పుస్తకాలలో ఆ ఇద్దరి పేర్లూ కలిపి ఉంటాయి. 1930లో సుబ్బారావు పి.హెచ్‌డి. పట్టా పొందాడు. అంటే చదువులో అన్నింటికన్నా పెద్ద పట్టా. అప్పుడు ఆయనకు 35 ఏళ్లు.

మన ఒంట్లో చిల్లర పైసలు

మరొక సంగతి కూడా వాళ్లు కనిపెట్టారు. అది మన కష్టానికి దగ్గరి సంగతి.

బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో పెద్ద చక్కెర ఫ్యాక్టరీ ఉండేది. నిజాం కాలంలో 1930ల చివర మొదలైంది. 2015 డిసెంబరులో మూతపడింది. ఆ ఫ్యాక్టరీకి చెరుకు కొట్టిన చేతులు మీలో కొందరికి ఉన్నాయి. చెరుకు కొట్టేటప్పుడు చెయ్యి ఎత్తడానికి బలం ఎక్కడ నుంచి వస్తుంది?

తిన్న అన్నం నుంచి, రొట్టె నుంచి, బెల్లం నుంచి అంటారు. నిజమే. కానీ అన్నం నేరుగా చెయ్యి ఎత్తదు. ఒక పోలిక చెప్తాను.

మీ దగ్గర 500 రూపాయల నోటు ఉంది. చాయ దుకాణంలో పది రూపాయల చాయకు అది ఇస్తే తీసుకోరు. చిల్లర కావాలి. మన ఒంట్లో కూడా అంతే. అన్నం పెద్ద నోటు. ఒళ్లు దాన్ని చిల్లరగా మార్చుకుంటుంది. ఆ చిల్లర పేరు ఎ.టి.పి. వేలు కదిలించాలన్నా ఈ చిల్లరే ఖర్చవుతుంది. కన్ను ఆర్పాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా అదే.

కొంగు ముడిలో కూడా కొంచెం పైకం కట్టుకుంటాం కదా! తొందర పని పడితే విప్పుతాం. మన కండలలో కూడా అట్లాంటి ముడి ఉంది. దాని పేరు ఫాస్ఫోక్రియాటిన్. బరువు ఒక్కసారి ఎత్తినప్పుడు ఆ ముడి విప్పుకుంటుంది. కొద్ది సెకండ్లలోనే ఖాళీ అవుతుంది. అందుకే బరువు ఎత్తగానే రొప్పు వస్తుంది, ఆగాలనిపిస్తుంది.

కొంగు ముడి సంగతి 1927లో, చిల్లర సంగతి 1929లో సుబ్బారావు, ఫిస్క్ లోకానికి చెప్పారు. అదే 1929లో జర్మనీలో లోమాన్ అనే శాస్త్రవేత్త కూడా ఎ.టి.పి.ని విడిగా కనిపెట్టాడు.

మనం ఏం నేర్చుకోవాలి? తినకుండా పనికి పోతే చిల్లర రాదు. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే ఆడమనిషి తెల్లారి చేనుకు ఏ బలంతో పోతుంది? ఆలోచించండి.

ఎర్ర గోలీ కథ

ఇంత పని చేసినా హార్వర్డ్‌లో సుబ్బారావుకు పర్మినెంటు ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో ఆయన మరో చోటికి మారాడు. న్యూయార్క్ రాష్ట్రంలో లెడర్లీ అనే మందుల కంపెనీ ఉండేది. అక్కడ పరిశోధన పని చూశాడు.

ఇప్పుడు బొంబాయి పోదాం. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ అక్కడికి వచ్చింది. బట్టల మిల్లులలో పనిచేసే ఆడవాళ్లను చూసింది. కడుపుతో ఉన్న వాళ్లకు రక్తం బాగా తగ్గిపోయేది. కొందరు చనిపోయేవారు. వాళ్లు తినే తిండిలో ఏదో లోపం ఉందని ఆమె గుర్తు పట్టింది. ఈస్టు సారం ఇచ్చి చూసింది. ఈస్టు అంటే రొట్టె పొంగడానికి వేసేది. ఆ ఆడవాళ్లకు రక్తం పెరిగింది. కానీ దానిలో ఉన్న మంచి వస్తువు ఏమిటో అప్పుడు తెలియలేదు.

1941లో కొందరు శాస్త్రవేత్తలు పాలకూర ఆకు నుంచి ఒక వస్తువును తీశారు. దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. ఆకు అనే అర్థం వచ్చే మాట నుంచి ఆ పేరు వచ్చింది. కానీ బండెడు ఆకుకూర నుంచి దొరికేది చిటికెడు కూడా కాదు. అందరికీ ఎట్లా అందుతుంది?

సుబ్బారావు, ఆయనతో పనిచేసేవాళ్లు దాన్ని మందుల గదిలో తయారుచేసే దారి కనిపెట్టారు. అది 1945. అప్పటి నుంచి ఫోలిక్ ఆమ్లం అగ్గువకు, అందరికీ దొరికేది అయ్యింది. మీరు మింగే ఎర్ర గోలీలో ఇనుముతో పాటు ఉన్నది అదే.

సంగ్రహణి సంగతి గుర్తుందా? అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బు! ఆ జబ్బుకు కూడా ఫోలిక్ ఆమ్లం మందుగా పనికి వచ్చింది. అన్నదమ్ములు పోయిన ఎన్నో ఏళ్ల తరువాత ఆ మందు వచ్చింది. వాళ్లకు అందలేదు. మనకు అందింది.

ఇంకా ఏం చేశారు?

ఆయన దగ్గర పనిచేసినవాళ్లు 1947లో బోదకాలుకు మందు కనిపెట్టారు. దాన్ని డి.ఇ.సి. అంటారు. బోదకాలు దోమకాటుతో వస్తుంది. దోమ కుట్టినప్పుడు సన్నని పురుగులు ఒంట్లోకి చేరతాయి. ఈ గోలీ రక్తంలోని పిల్ల పురుగులను చంపుతుంది. ఒకసారి బాగా వాచిన కాలు గోలీతో మామూలు కాదు. కానీ జబ్బు ఒకరి నుంచి ఒకరికి పోకుండా ఆగుతుంది. అందుకే జబ్బు లేనివాళ్లు కూడా మింగాలి అంటారు. కడుపుతో ఉన్నవాళ్లు, రెండేళ్ల లోపు పిల్లలు, బాగా జబ్బుగా ఉన్నవాళ్లు మాత్రం మింగకూడదు.

రక్తపు కాన్సరు వచ్చిన పిల్లలకు అప్పుడు మందే లేదు. సుబ్బారావు దగ్గర తయారైన ఒక మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు పిల్లలకు ఇచ్చాడు. అది 1947లో. కొందరు పిల్లలు కొంతకాలం తేరుకున్నారు. మందుతో కాన్సరును అణచవచ్చని అప్పుడు తెలిసింది. అదే జాతి మందు మెథోట్రెక్సేట్. దాన్ని ఇప్పటికీ కాన్సరుకు, కీళ్లవాతానికి వాడుతున్నారు.

సుబ్బారావు 1948 ఆగస్టులో నిద్రలోనే కన్నుమూశాడు. వయసు 53. నోబెల్ బహుమతి రాలేదు. బతికి ఉండగా పెద్ద పేరు కూడా రాలేదు. 1995లో, ఆయన పుట్టి నూరేళ్లు నిండినప్పుడు, మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

ఆ ఇల్లాలి సంగతి ఏమిటి?

ఇంతవరకు చెప్పగానే వెనుక నుంచి ఒక అక్క అడిగింది: "మరి పెండ్లాం సంగతేంది టీచరమ్మా? ఆమెను అమెరికా తోలుకపోయిండా?"

తోలుకపోలేదు. ఆయన ఓడ ఎక్కేనాటికి శేషగిరి గర్భవతి. కొడుకు పుట్టాడు. పసితనంలోనే పోయాడు. సుబ్బారావు మళ్లీ ఇండియాకు రాలేదు. ఆమె ఎదురుచూస్తూ ఉండిపోయింది.

"గట్లెట్ల? గంత సదువుకున్నోడు గదేం పని?" అన్నది ఆ అక్క. దుబాయి పోయిన పెనిమిటి కోసం ఏళ్ల తరబడి చూసే ఆడవాళ్లు మన జిల్లాలో ఎంతమంది లేరు? ఆ మాటలో వాళ్ల బాధ అంతా ఉంది.

నా దగ్గర జవాబు లేదు. గొప్పవాళ్లు చేసినవన్నీ గొప్ప పనులు కావు. ఒకరి నుంచి మంచి నేర్చుకోవచ్చు. తక్కువైన చోట తక్కువైంది అని కూడా చెప్పవచ్చు. ఆ మందుల లెక్క రాసినప్పుడు శేషగిరి ఒంటరితనం కూడా అందులో రాయాలి. చదువు అంటే ఈ ప్రశ్న అడగడం కూడా. ఆ రాత్రి అందరికన్నా మంచి ప్రశ్న అడిగింది ఆ అక్కే.

మెమో మీద వేలు

మరునాడు బీడీల అక్క మళ్లీ వచ్చింది. పలకతో పాటు బిడ్డ మార్కుల మెమో కూడా తెచ్చింది. "నేను సదువుత, తప్పయితె చెప్పు" అన్నది.

మెమోలో అక్షరాలు ఇంగ్లీషువి. అవి ఆమెకు రావు. కానీ అంకెలు వచ్చు. వేలు పెట్టి ఒక్కొక్కటే చదివింది. 48. 52. 41. 45. 57. చివరిది 24. అక్కడ వేలు ఆగింది.

"పాస్‌కు ఎన్ని కావాలె?"

"35."

పలక మీద తీసివేత వేసింది. 35లో 24 తీస్తే 11.

"ఒక్క లెక్కలల్లనే పోయిందా? పదకొండు మార్కులేనా? నేను అన్నిట్ల పోయిందనుకున్న" అన్నది. చాలాసేపు ఆ కాగితం చూస్తూ కూర్చుంది. తరువాత "వెంకమ్మ బంగారం అమ్మింది. నాది పరీక్ష ఫీజే గదా" అన్నది.

ఆమె బిడ్డ సప్లిమెంటరీ పరీక్షకు ఫీజు కట్టింది. పరీక్ష ఇంకా రాయాలి. పాసవుతుందో లేదో ఇప్పుడు చెప్పలేం. కానీ బీడీల చాట ముందు ఇంకా కూర్చోలేదు.

గుర్తు పెట్టుకుందాం

1. పరీక్ష తప్పితే చదువు అయిపోయినట్టు కాదు. ఏ సబ్జెక్టులో తప్పారో, ఎన్ని మార్కులు తక్కువో చూడాలి. సప్లిమెంటరీ పరీక్ష ఉంది. 14 ఏళ్లు నిండినవాళ్లు ఓపెన్ స్కూలులో చేరి కూడా పదో తరగతి రాయవచ్చు. అమ్మలు కూడా రాయవచ్చు.

2. ఆడపిల్లకు 18 ఏళ్లు నిండకుండా పెండ్లి చేయడం చట్టప్రకారం నేరం.

3. కడుపుతో ఉన్నవాళ్లు నాలుగో నెల నుంచి రోజుకు ఒక ఎర్ర గోలీ మింగాలి. మొత్తం 180 రోజులు. కాన్పు తరువాత మళ్లీ 180 రోజులు. అన్నం తిన్నాక మింగాలి. చాయతో మింగకూడదు. చాయ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. దొడ్డికి నల్లగా పోవచ్చు. దానికి భయపడవద్దు.

4. పాలకూర, తోటకూర, పప్పులు, పల్లీలు తినాలి. ఆకుకూరను ఎక్కువసేపు ఉడికిస్తే ఫోలిక్ ఆమ్లం పోతుంది.

కొత్త మాటలు – పలకండి, రాయండి

శాస్త్రవేత్త, విశ్వవిద్యాలయం, పరిశోధన, భాస్వరం, సంగ్రహణి, ఫోలిక్ ఆమ్లం, బోదకాలు

ఖాళీలు నింపండి

1. సుబ్బారావు పుట్టిన ఊరు ............
2. ఆయన తల్లి పేరు ............
3. మెట్రిక్ పరీక్ష ............ సారి పాసయ్యాడు.
4. మన ఒంట్లోని చిల్లర పేరు ............

లెక్క చేయండి

1. సుబ్బారావు 1895లో పుట్టాడు. 1923లో అమెరికా చేరాడు. అప్పుడు వయసు ఎంత?
2. నెలకు 30 గోలీలు. 6 నెలలకు ఎన్ని గోలీలు?
3. ఒక పిల్లకు సైన్సులో 27 మార్కులు వచ్చాయి. 35 రావాలంటే ఇంకా ఎన్ని కావాలి?

మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో ఎవరి చదువు మధ్యలో ఆగింది? ఎందుకు ఆగింది? మళ్లీ మొదలు పెట్టవచ్చా?
2. కొడుకు పరీక్ష తప్పితే ఏం చేస్తాం? బిడ్డ తప్పితే ఏం చేస్తాం? రెండూ ఒకటేనా?
3. శేషగిరి మీ ఎదుట ఉంటే ఆమెతో ఏం మాట్లాడేవారు?

చేయండి

ఈ వారం మీ పిల్లల మార్కుల కాగితం అడిగి తీసుకోండి. అంకెలు మీరే చదవండి. మీ వేలు ఎక్కడ ఆగిందో కేంద్రానికి వచ్చి చెప్పండి.